గాలి నుండి యూరియా: తక్కెడ ఎటు మొగ్గును?

ఎరువులను గూర్చి ప్రసంగించినప్పుడెల్ల శ్రోతలైన రైతులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "యూరియాలోని నత్రజని గాలినుండియే వచ్చునని మీరే చెప్పుచున్నారు. గాలికి వెల లేదు గదా! మరి యూరియా తయారు చేయుటకు అంత ఖర్చేల?" అని వారి ప్రశ్న. వినుటకు చిన్నదే గాని, దీనికి సమాధానము చెప్పవలెనన్న రసాయనశాస్త్రములోని ఒక పెద్ద ధర్మమును ముట్టక తప్పదు.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. ఒక ఎకరము నేలపై నిలిచియున్న గాలిలో సుమారు 30 వేల టన్నుల నత్రజని కలదు. ఆ ఎకరములోని వరి పైరు మాత్రము నత్రజని చాలక పసుపుబారుచుండును. తలపై భాండాగారము, కడుపులో ఆకలి! గాలిలోని నత్రజనిని పైరు నేరుగా వాడుకొనలేదు. దానిని ముందు ఉదజనితో కలిపి అమోనియాగా మార్చవలెను. ఆ అమోనియానుండియే యూరియా తయారగును. 45 కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించు ధర, పన్నులును వేపపూత ఖర్చును గాక, 242 రూపాయలు. తయారీ ఖర్చు దానికి పలురెట్లు. ఆ మిగిలిన భారమును ప్రభుత్వము మోయుచున్నది. ఈ ఖర్చులో కొంతభాగము, కలిసిన వాయువులు మరల విడిపోకుండ చూచుకొనుటకై మనము పడు శ్రమకు మూల్యమే యని చెప్పవచ్చును.

కలిసినవి మరల విడిపోవుటయేమని మీరు అడుగవచ్చును. ముందు ఇంటిలోని ఉదాహరణములు చూతము.

వానకాలమున సికిందరాబాదులోని ఇండ్లలో తడిబట్టలు గదిలో దండెముమీద ఆరవేయుదురు. తలుపులు, కిటికీలు మూసియుంచినచో రెండు దినములైనను అవి ఆరవు. బట్టలోని నీరు ఆవిరి కాక నిలిచిపోయినదా? కాదు. నీరు ఆవిరి యగుచునే యున్నది. కాని గదిలో ఆవిరి నిండిన కొలది అది మరల నీరై బట్టను చేరుచున్నది. పోవునదెంతయో వచ్చునది అంతయే యైనప్పుడు బట్ట తడిగానే కనిపించును. దీనినే సమతాస్థితి యందురు.

సమతాస్థితి యనగా కదలిక లేకుండుట కాదు. పండుగనాళ్లలో సికిందరాబాదు రైల్వేస్టేషనులో ఒకటవ ప్లాట్‌ఫారము చూడుడు. రైలు దిగి బయటికి పోవువారు ఎందరో, టిక్కెట్లు కొని లోనికి వచ్చువారు అందరే యైనచో, పైవంతెనపై నిలిచి చూచువానికి జనసంఖ్య మారినట్లు తోచదు. కాని నిమిషము క్రితమున్న మనిషి ఇప్పుడక్కడ లేడు. రసాయన సమతాస్థితియు ఇట్టిదే. ఒక దిక్కు చర్య, దానికి ఎదురుదిక్కు చర్య, రెండును ఒకే వేగముతో నడచుచుండును. మొత్తములు మాత్రము మారవు.

ఇప్పుడు ఆ గది కిటికీ తెరవుడు. గాలి వచ్చి ఆవిరిని తీసికొనిపోవును. తిరిగివచ్చు నీరు తగ్గును, బట్ట ఆరును. ఎండ తగిలినచో ఇంకను త్వరగా ఆరును. ఏలయన నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. ఇందు రెండు సూత్రములు దాగియున్నవి. పుట్టినదానిని పుట్టినట్లే తొలగించుచున్నచో చర్య ముందునకు సాగును. వేడిని కోరు చర్యకు వేడినిచ్చినచో అదియు ముందునకు సాగును.

మూడవ సూత్రమును గోలీసోడా నేర్పును. 1872లో హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు కనిపెట్టిన ఆ సీసాలో, బొగ్గుపులుసు వాయువును ఒత్తిడితో నీటిలో కరగించెదరు. లోపలి ఒత్తిడియే గోలీని మూతికి అదిమిపెట్టును. గోలీని వ్రేలితో నొక్కగానే ఒత్తిడి తగ్గును. అంతవరకు నీటిలో ఒదిగియున్న వాయువు బుసబుసమని బయటపడును. ఐసులో పెట్టిన సోడాకంటె ఎండలో నిలిచిన సోడా ఎక్కువగా పొంగునన్నది అందరికిని అనుభవమే. వాయువు నీటిలో కరగునప్పుడు కొంత వేడి వెలువడును. అందుచేత చల్లదనము దానిని నీటిలో నిలుపును, వేడిమి వెళ్లగొట్టును.

ఈ అనుభవములన్నింటిని ఒక్క నియమముగా కూర్చి చెప్పినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు హెన్రీ లె షాట్లియే. అది 1884వ సంవత్సరము. సమతాస్థితిలోనున్న దానిపై మనము ఏ మార్పు తెచ్చినను, అది ఆ మార్పును కొంతవరకు తగ్గించు దిక్కునకే జరుగునని ఆయన చెప్పెను. ఒత్తిడి పెంచినచో తక్కువ చోటు పట్టు దిక్కునకు జరుగును. వేడి చేసినచో ఆ వేడిని మ్రింగు దిక్కునకు జరుగును. ఒక పదార్థమును అధికముగా చేర్చినచో దానిని ఖర్చుచేయు దిక్కునకు, తొలగించినచో దానిని మరల పుట్టించు దిక్కునకు జరుగును. తక్కెడ ఒకప్రక్కకు మొగ్గినప్పుడు ఇంకొక సిబ్బెలో కొంత బరువు తానే వేసికొను తక్కెడవంటిది ఇది.

ఈ నియమముతో అమోనియా వద్దకు వత్తము. ఒక పాలు నత్రజనియు మూడు పాళ్లు ఉదజనియు కలిసి రెండు పాళ్లు అమోనియా అగును. నాలుగు పాళ్ల వాయువు రెండుగా తగ్గినది గనుక, ఒత్తిడి పెంచినకొలది అమోనియా పెరుగవలెను. ఈ కలయికలో వేడి వెలువడును గనుక, చల్లగా నుంచినకొలది అమోనియా పెరుగవలెను. శాస్త్రము చెప్పు మాట ఇంతే. కొలతలును దీనినే చూపుచున్నవి. సరియైన పాళ్లలో కలిపిన వాయువును వాతావరణ పీడనమునకు 300 రెట్లు ఒత్తిడిలో నుంచినచో, సమతాస్థితియందు నూటికి ఎంత అమోనియా యుండునో చూడుడు. 300 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 71 పాళ్లు. 400 వద్ద 47. 500 వద్ద 26. 600 వద్ద 14 మాత్రమే. వేడిమిని 400 డిగ్రీల వద్దనే నిలిపి ఒత్తిడిని 10 రెట్లకు తగ్గించినచో నూటికి నాలుగు పాళ్లయిన నిండవు.

అట్లయిన చల్లగా నుంచి ఒత్తిడి పెంచినచో పని తీరిపోవును గదా యని తోచును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నత్రజని పరమాణువులు జంటజంటలుగా గట్టిగా పెనవేసికొని యుండును. చల్లని స్థితిలో ఆ ముడి విడివడదు. సమతాస్థితి యెంత లాభకరముగా నున్నను, దానిని చేరుటకు యుగములు పట్టినచో ఫలమేమి? నిదానమే ప్రధానమన్న సామెత ఇచ్చట చెల్లదు. వేడి చేసినచో చర్య వేగముగా జరుగును గాని చేతికి వచ్చునది తగ్గును. చల్లార్చినచో రావలసినది ఎక్కువే గాని అది రానే రాదు. ఎంత వచ్చుననునది ఒక ప్రశ్న. ఎంత త్వరగా వచ్చుననునది ఇంకొక ప్రశ్న. రెండింటిని కలగాపులగము చేయరాదు.

ఈ చిక్కును విడదీయుటకు స్వయముగా లె షాట్లియేయే 1901లో పూనుకొనెను. ఆయన ఉపకరణములోనికి గాలి చొరబడుటచే గొప్ప ప్రేలుడు సంభవించెను. ఆయన ఆ ప్రయత్నమును విడిచిపెట్టెను. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో అధికమైన ఒత్తిడిలో, ఆస్మియమ్ అను అరుదైన లోహము సహాయమున అమోనియాను చుక్కచుక్కగా ధారకట్టించి చూపెను. ఆస్మియమ్ లోకములో దొరకునదే స్వల్పము. అల్విన్ మిట్టాష్ వేలకొలది పదార్థములను పరీక్షించి, కొద్దిగా ఇతర ద్రవ్యములు చేర్చిన ఇనుము చాలునని కనుగొనెను. అంత ఒత్తిడికి తాళగల ఉక్కు పాత్రలను నిర్మించిన ఘనత కార్ల్ బాష్‌ది. 1913లో ఓపావులో మొదటి కర్మాగారము పని నారంభించెను. హేబరునకు 1918వ సంవత్సరపు నోబెల్ బహుమానమును, బాష్‌కు 1931లో నోబెల్ బహుమానమును లభించినవి. ఓపావు కర్మాగారము పని నారంభించిన మరుసటి సంవత్సరమే మొదలైన మహాయుద్ధములో ఆ అమోనియాయే ప్రేలుడు మందులకు మూలమైనదను మాటయు మరువరాదు. పైరునకు ప్రాణము పోయుటకును, మనిషి ప్రాణము తీయుటకును ఒకే పదార్థము పనికి వచ్చినది.

ఇనుము చేయు పనిని ఉత్ప్రేరకము పని యందురు. ఇది తక్కెడను ఏ ప్రక్కకును మొగ్గింపదు. ముందునకు పోవు చర్యను, వెనుకకు వచ్చు చర్యను సమానముగా త్వరపెట్టును. గమ్యమును మార్చదు, ప్రయాణకాలమును తగ్గించును. అంత మాత్రముననే మనకు గొప్ప లాభము కలదు. ఇనుము లేనిచో ఇంకను ఎంతో వేడి చేయవలసియుండును. ఇనుమున్నందున 400 నుండి 500 డిగ్రీల మధ్య పని జరుగును. ఇది ఒక రాజీ. వేడిమిని ఇంకను తగ్గించినచో వేగము పోవును, పెంచినచో ఫలము పోవును.

రాజీ వలన కలిగిన నష్టమును పూడ్చుటకు మన తడిబట్ట నేర్పిన సూత్రము వచ్చును. ఉక్కుపాత్రలోనుండి ఒక్కసారి పోయిన వాయువులో సుమారు 15 నుండి 20 పాళ్లు మాత్రమే అమోనియాగా మారును. ఆ వాయువును చల్లార్చినచో అమోనియా ద్రవమై అడుగున చేరును. మిగిలిన నత్రజనిని, ఉదజనిని మరల అదే పాత్రలోనికి పంపుదురు. ఇట్లు తిరిగి తిరిగి తుదకు దాదాపు అంతయు అమోనియాగా మారును. కిటికీ తెరచి ఆవిరిని సాగనంపుట వంటిదే ఇది. ఒక్కసారికి వచ్చు ఫలమును చూచి నిరాశ చెందక, మిగిలినదానిని పారవేయకుండుటలోనే కర్మాగారపు బ్రతుకు నిలిచియున్నది.

ఇది ఎక్కడనో జర్మనీలో జరిగిన కథ కాదు. సికిందరాబాదులో రైలెక్కి కాజీపేట మీదుగా బల్లార్షా వైపు సాగినచో గోదావరి తీరమున రామగుండము వచ్చును. అచ్చట భారత ఎరువుల సంస్థ బొగ్గునుండి ఎరువు చేయు కర్మాగారమును 1980లో నడపనారంభించెను. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు, పైనున్న గాలి, మూడును చేతికందువే. కాని విద్యుత్తు అంతరాయములు, యంత్రముల లోపములు వెన్నాడగా 1999లో అది మూతపడెను. వేడిమి, ఒత్తిడి, వాయువుల పాళ్లు అన్నియు ఒక్క తీరున నిలిచినప్పుడే ఇట్టి కర్మాగారమునకు జీవము. కరెంటు పోయిన క్షణమున ఒత్తిడి తగ్గును, వేడిమి చెదరును, తక్కెడ తప్పును. మరల అన్నింటిని కాచి, ఒత్తిడి పెంచి, దారికి తెచ్చుట గంటలోనో రెండు గంటలలోనో తీరు పని కాదు. ఇరువదియేండ్లకు పైబడి ఆ పొగగొట్టములు చల్లబడియుండెను. తరువాత 2015లో ఏర్పడిన రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థ సహజవాయువుతో నడచు క్రొత్త కర్మాగారమును నిర్మించి 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. దినమునకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా చేయగల శక్తి దానికి కలదు.

అచ్చట సమతాస్థితి ఒక్కటి గాదు, వరుసగా నాలుగు ఎదురగును. మొదటిది సహజవాయువును నీటి ఆవిరితో కలిపి ఉదజనిని రాబట్టుట. ఇది వేడిని మ్రింగు చర్య. అందుచే 800 డిగ్రీలకు మించి కాచెదరు. సహజవాయువు ఖర్చులో పెద్దభాగమును పుట్టించునది ఈ మెట్టే, ఏలయన ఆ వాయువు ముడిసరుకును తానే, వంటచెరకును తానే. రెండవ మెట్టులో, అంగారపు విషవాయువు నీటి ఆవిరితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారి, మరికొంత ఉదజనిని ఇచ్చును. దీనిలో ఇరుప్రక్కల వాయువుల పాళ్లు సమానమే గనుక ఒత్తిడితో ప్రయోజనము లేదు. వేడి మాత్రము వెలువడును. అందువలన ఇంజనీర్లు దీనిని రెండుసార్లుగా చేయుదురు. మొదట సుమారు 350 డిగ్రీలపై వేగము కొరకు, పిమ్మట సుమారు 200 డిగ్రీలపై ఫలము కొరకు. ముందు పరుగు, తరువాత జాగ్రత్త! మూడవది మనము చెప్పుకొన్న అమోనియా.

నాలుగవది యూరియా. రెండవ మెట్టులో వచ్చిన బొగ్గుపులుసు వాయువును పారవేయక, అమోనియాతో సుమారు 150 రెట్ల ఒత్తిడిలో కలిపెదరు. లారీ చక్రములోని గాలి ఒత్తిడి ఎనిమిది రెట్లకు అటునిటుగా నుండును. దీనినిబట్టి ఆ పాత్ర ఎంతటి బలమైనదో ఊహించుకొనవచ్చును. చర్య కోరునది రెండు పాళ్ల అమోనియాకు ఒక పాలు బొగ్గుపులుసు వాయువు. వీరు మాత్రము అమోనియాను మూడు పాళ్లకు మించి ఇత్తురు. అధికముగా నున్నదానిని ఖర్చుచేయు దిక్కునకే తక్కెడ మొగ్గునని లె షాట్లియే చెప్పలేదా? మిగిలిన అమోనియాను మరల వెనుకకు త్రిప్పెదరు. చర్యలో పుట్టు నీరు ఎక్కువైనచో తక్కెడ వెనుకకు మొగ్గును గనుక, నీటి విషయమున ఎప్పుడును మెలకువగా నుందురు.

అన్ని కర్మాగారములకును ఇంత ఒత్తిడి కావలెనని అనుకొనరాదు. సికిందరాబాదులో ప్రధాన కార్యాలయము గల కోరమాండల్ సంస్థ విశాఖపట్టణములో 1967 నుండి ఎరువులు తయారు చేయుచున్నది. భాస్వరపు ఎరువులకు గంధకామ్లము కావలెను. గంధకపు వాయువు ఆమ్లజనితో కలియుట కూడ వేడిని వెలువరించు చర్యయే. మూడు పాళ్లు రెండుగా తగ్గును. నియమము ప్రకారము ఒత్తిడి లాభకరమే. కాని గంధకామ్లపు పరిశ్రమలో వనేడియమ్ ఉత్ప్రేరకముతో సుమారు 450 డిగ్రీల వద్ద, మామూలు ఒత్తిడిలోనే నూటికి 95కు మించి మారును. ఇంకొక రెండు పాళ్ల కొరకు ఉక్కుకోటలు కట్టుట తెలివి కాదు. అందుకు బదులుగా, పుట్టినదానిని మధ్యలో ఒకసారి తొలగించి మిగిలిన వాయువును మరల పంపెదరు. నియమము ఒక్కటే, దానిని ఎంతవరకు వాడవలెననునది లెక్క చెప్పవలెను.

ఇంతతో కథ ముగిసినదని తలచెదరేమో! కర్మాగారములో ఇంత శ్రమపడి మొగ్గించిన తక్కెడ, రైతు పొలములో మరల వెనుకకు మొగ్గవచ్చును. మా శ్రోతలైన రైతులకు ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే.

యూరియా నేలలో పడిన కొద్దిదినములలోనే అమ్మోనియముగా మారును. ఈ అమ్మోనియము తడిలో నిలిచియుండును. పైరు దానిని గ్రహించును. కాని అమ్మోనియమునకును అమోనియా వాయువునకును మధ్య ఒక సమతాస్థితి కలదు. నేలలో క్షారగుణము ఎక్కువైనచో తక్కెడ వాయువు దిక్కునకు మొగ్గును. ఎండ కాచినచో మరింత మొగ్గును. గాలి వీచి ఆ వాయువును కొనిపోయినచో, తడిబట్ట ఆరినట్లే, ఇంకను ఇంకను వాయువు పుట్టుచు పోవును. వరిమడిలో నిలిచిన నీటిలో నాచు పెరిగియున్నప్పుడు, అది మధ్యాహ్నపు ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటచే నీటికి క్షారగుణము పెరుగును. అట్టి నీటిపై యూరియా చల్లినచో బస్తాలోని 20 కిలోలకు మించిన నత్రజనిలో కొంత, వచ్చిన దారినే గాలిలోనికి పోవును. గోదావరి తీరమున వందల డిగ్రీల వేడిలో బంధించి తెచ్చిన నత్రజనిని, మడిగట్టు మీద నిలిచి మనమే విడిచిపెట్టినట్లగును.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పు జాగ్రత్తలన్నియు ఈ తక్కెడను మన దిక్కున నిలుపుటకే. వరిలో నీరు తీసివేసి, బురదపదునులో యూరియా చల్లి, 36 నుండి 48 గంటల పిమ్మట మరల పలుచగా నీరు పెట్టుమందురు. అమ్మోనియము మట్టికి అంటుకొని నిలుచును. ఆరుతడి పైర్లలో మొక్కమొదలు ప్రక్క వేసి మట్టి కప్పుమందురు. గాలికి దారి మూసినట్లగును. ఒక్కసారి గాక రెండుమూడు దఫాలుగా వేయుమందురు. పైరు గ్రహించుటకు వ్యవధి కలుగును. 2015 నుండి మన దేశపు యూరియా అంతటికిని వేపపూత తప్పనిసరి యైనది. ఈ పూత నేలలో నత్రజని మార్పులను నెమ్మదింపజేయును. కర్మాగారములో ఇనుము త్వరపెట్టును, పొలములో వేప ఆలస్యపరచును. రెండును తక్కెడను మొగ్గింపవు. కాలమును మాత్రమే మన చేతికిచ్చును.

ఇక ప్రశ్నకు సమాధానము చెప్పుదుము. గాలికి వెల లేదు, నిజమే. కాని గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి, మరల విడిపోకుండ అదిమిపట్టి, చల్లార్చి, తిరిగి తిరిగి పంపి, బస్తాలో నింపుటకు వెల కలదు. ఆ వెలను దేశము ఒకసారి చెల్లించుచున్నది. మధ్యాహ్నపు ఎండలో, నిండు నీటిలో ఎరువు చల్లిన రైతు రెండవసారి చెల్లించును. నీరు తీసి, బురదలో చల్లి, చల్లబడినవేళ ఇల్లు చేరిన రైతునకు ఆ రెండవ వెల తప్పును. ఇందుకు కావలసినది ఉక్కుకోటలు గావు. ఒక పూట ఓపిక.